నీళ్లు తగలని కోటు

…పైగా వాసనకు సాక్ష్యం ఎవరు చెబుతారు? కంటికి కనబడేదైతే నలుగురిని పిలిచి చూపవచ్చు. వాసన అట్లా కాదు. ఇస్త్రీపెట్టె గుడ్డ మీద ఆనిన క్షణంలో లేస్తుంది, ముక్కు లోపలా కళ్ల వెనకా చిన్న సూదిలా గుచ్చుతుంది, పోతుంది. ఇంకొకరిని పిలిచేసరికి అక్కడ బొగ్గుల వాసన, తడిగుడ్డ వాసన తప్ప ఏమీ మిగలదు. ఇంత పెద్ద వనపర్తిలో ఆ వాసన ఒక్క మనిషికే తెలుస్తోందంటే, అది గుడ్డలో ఉన్నట్టా, ఆ మనిషి తలలో ఉన్నట్టా?

శాంతయ్య ఈ ప్రశ్నను ఆ పూటకు మూడోసారి వేసుకున్నాడు. చెయ్యి మాత్రం ఆగలేదు. బల్ల మీద ఉన్నది రోజూ నాగర్‌కర్నూలుకు బస్సులో పోయివచ్చే ఒక గుమాస్తా చొక్కా. బస్సు సీటు ఒరిపిడికి వీపు దగ్గర గుడ్డ పలచబడింది. ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, వీపు, చివరికి గుండీల వరుస. ఈ క్రమం తప్పనంత వరకు మనసు ఎటు పోయినా ఫర్వాలేదు. అది తిరిగి వచ్చేసరికి చొక్కా మడతపడి ఉంటుంది.

అతనికి యాభై మూడేళ్లు. సొంత ఊరు గోపాల్‌పేట. పాలిటెక్నిక్ దారిలో మూతబడిన ఒక దుకాణం అరుగు మీద రేకు వేసుకొని, దాని కింద బల్ల పెట్టుకొని ఇస్త్రీ చేస్తాడు. వెనక గదిలో మంచం, స్టవ్వు, గోడకు చర్చి వాళ్లు ఇచ్చిన క్యాలెండరు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లు అడిగి అడిగి అలిసిపోయారు. పొద్దున బొగ్గులు రాజుకునేటప్పుడు వచ్చే చిటపట చప్పుడు, పదకొండు గంటల టీ, మధ్యాహ్నం రేకు మీద వాన, సాయంత్రం ఖాళీ అయిన బల్ల. ఇవి చాలునని చెబితే వినేవాళ్లు జాలిపడతారు. అందుకని ఎవరికీ చెప్పడు.

బట్టలు ఇళ్ల సంగతులు చెబుతాయి. ఎవరు చిక్కిపోతున్నారో, ఎవరింటికి చుట్టాలు వచ్చి పోవడం లేదో, ఏ మొగుడి చొక్కాలు భార్య చేతి నుంచి కాక అతని చేతి నుంచే మూటలో పడుతున్నాయో అన్నీ తెలుస్తాయి. తెలిసింది లోపలే ఉంచుకోవడం ఈ పనిలో సగం అని శాంతయ్య అనుకుంటాడు. నోరు లేని మనిషనే నమ్మకంతోనే కదా వీధి వీధంతా తన లోపలి మడతలు తెచ్చి ఇతని ముందు పెడుతుంది. ఆ నమ్మకం అతనికి ఇష్టం. ఒక్కోసారి, తాను ఇష్టపడేది నమ్మకాన్నా, మాట్లాడాల్సిన పని లేకపోవడాన్నా అని అనుమానం వస్తుంది. అప్పుడు పెట్టెలో బొగ్గులు కదిలిస్తాడు.

గుమాస్తా చొక్కా అయిపోయింది. తర్వాత ఒక టీచరమ్మ గద్వాల నూలు చీర. దాన్ని అతడు కావాలనే మధ్యాహ్నానికి ఉంచుకుంటాడు. పెట్టె ఆనగానే గంజి వాసన లేస్తుంది, అన్నం వార్చిన ఇంటి వాసన లాంటిది. కంటికి ఏమీ గుచ్చదు. అంచు దగ్గర చెయ్యి తేలిక చేస్తే చాలు, గుడ్డ దానంతటదే సర్దుకుంటుంది.

చీర కూడా అయిపోయింది. ఇక బల్ల చివర మిగిలింది కోటు ఒక్కటే.

పొద్దున వనజ ఇచ్చి పోయింది. ఎదురు సందులో రెండు గదులు అద్దెకు తీసుకొని కూతురు శిల్పను చదివించుకుంటోంది ఆమె. భర్త మద్దిలేటి మానవపాడులో సేద్యం వదిలి రాలేడు. శిల్ప ఆరో తరగతి. ఆ పిల్ల చదివే బళ్లో ఈ సంవత్సరం నుంచి తెల్ల చొక్కా మీద చేతులు లేని ముదురు నీలం కోటు వేసుకోవాలన్నారు. పైగుడ్డ నలగదు, మాయదు. లోపల అదే రంగు జారుడు అస్తరు. కుట్టిన దర్జీ ఒకటికి రెండుసార్లు చెప్పాడట, ఉతికితే ఆకారం పోతుంది, నీళ్లు తగలనీయకండి, ఇస్త్రీ మాత్రం చేయించండి అని. జూన్‌లో మొదటిసారి తెచ్చినప్పుడు శిల్ప దాన్ని బల్ల మీద నిలబెట్టి చూపింది.

"చూడు మామా, నా కోటు మనిషి లేకున్నా నిలబడ్తది!"

నిజంగానే నిలబడింది. ఇద్దరూ నవ్వారు. తర్వాత శాంతయ్య దాని మీద తడిగుడ్డ పరిచి పెట్టె ఆనించాడు. అప్పుడు లేచింది ఆ వాసన. పన్నెండేళ్ల తర్వాత. ఎక్కడో చూసిన మనిషి సందు మలుపులో ఎదురైతే పేరు గుర్తొచ్చేలోపే ఒళ్లు గుర్తుపట్టినట్టు, ముందు అతని కళ్లు చెమర్చాయి. తడిగుడ్డ ఎత్తి చూస్తే దాని అడుగున లేత నీలం మరక.

ఆ రోజు ఏమీ అనలేదు. కొత్త గుడ్డ అంతే అనుకున్నాడు. తర్వాతి ఆదివారం కోటు మళ్లీ వచ్చినప్పుడు కూడా అనలేదు. జూలైలో వనజ ఇంటి మూట రావడం ఆగిపోయింది. కారణం వీధిలో తెలిసింది. పిల్లకు తల్లి, అంటే అమ్మవారు, పోసింది. మెడ చుట్టూ, చంకల్లో, నడుము పక్కల ఎర్రగా పొక్కులు. తల్లి ఉన్న ఇంట్లో తాలింపు పెట్టరు, వేడి తగలనీయరు, ఆ ఇంటి బట్ట ఇస్త్రీకి పోదు. మానవపాడు నుంచి నానమ్మ నర్సమ్మ దిగింది. వేపమండలు పరిచి, పాత నేతచీర ముక్క చుట్టి పిల్లను పడుకోబెట్టింది. దవాఖానలో ఇచ్చిన ట్యూబును తల్లి మీద మందు పూస్తారా అని గూట్లో పడేసింది. ఐదు రోజులకు పొక్కులు మాడాయి. పెరుగన్నం పెట్టి తల్లిని సాగనంపారు. శిల్ప బడికి పోయింది. కోటు ఇస్త్రీకి వచ్చింది. పన్నెండో రోజుకు తల్లి మళ్లీ వచ్చింది.

ఆగస్టులో అట్లా రెండోసారి. ఇప్పుడు సెప్టెంబరులో మూడోసారి.

మూటలు వచ్చే రోజులు, రాని రోజులు శాంతయ్యకు క్యాలెండరు చూడకుండానే తెలుసు. ఒక రాత్రి నిద్రలో కాదు, పట్టపగలు, ఎవరిదో ప్యాంటుకు మడత నిలబెడుతుండగా ఆ రెండు వరుసలు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చున్నాయి. కోటు ఇంట్లో కొక్కేనికి వేలాడుతున్నన్నాళ్లు తల్లి వెళ్లిపోతోంది. కోటు ఒంటి మీదికి రాగానే తిరిగి వస్తోంది.

అది తెలిసి తొమ్మిది రోజులైంది. తొమ్మిది రోజులుగా తెలిసిన మాట అతన్ని రోజూ పలకరిస్తూనే ఉంది.

పొద్దున వనజ కోటును కొంగు కింద దాచి తెచ్చింది.

"అన్నా, ఇది జర తొందరగ చేసి పెట్టు. అత్తమ్మకు తెల్వొద్దు."

"పిల్లకు తగ్గిందా?"

"యాడ తగ్గింది? నిన్ననే మల్ల పోసింది. అత్తమ్మ ఇగ ఆగతలేదు. ఈ ఊరు, ఈ బడి పిల్లకు పడతలేవంటది. ఐతారం పొద్దుగాల బస్సుకు మానవపాడు తీస్కపోతనంటుంది."

"అక్కడ బడి లేదా?"

"బడి ఉంది, పత్తి చేను గూడ ఉంది గదన్నా. పత్తి పువ్వులకు పుప్పొడి అద్దే కాలమిది, చిన్న చేతులే గావాలంటరు. ఒక్క పదిరోజులు చేన్ల నిలబడ్డదంటే ఇగ బడికి ఎవరు తోల్తరు? నన్నట్లనే నిలబెట్టిన్రు." వనజ కోటును బల్ల మీద పెట్టి చేత్తో సాపు చేసింది. "సోమారం పరీక్ష. కోటు తయారుగ ఉంటె పోతదేమోనని నా పిచ్చి."

అప్పుడైనా చెప్పవచ్చు. నోరు తెరిచాడు కూడా. "సాయంత్రం వరకు చేస్త చెల్లె," అన్నాడు.

ఆమె పోయాక తనను తాను తరచి చూసుకున్నాడు. భయమా? భయం ఒకటే కాదు. తల్లి కాదు అని ఆ ఇంటి ముందు నిలబడి అనవలసింది ఎవరు? ఆదివారం చర్చిలో మూడో వరుసలో కూర్చునే శాంతయ్య. నీ దేవుడు నీకుంటే మా తల్లిని కాదనడానికి నువ్వెవరివి అంటారు. అంటే తప్పేముంది? చిన్నప్పుడు గోపాల్‌పేటలో తన తల్లి కూడా, మెడలో శిలువ వేసుకొని, పిల్లలకు పొక్కులు లేస్తే వేపమండ గుమ్మానికి కట్టేది. ఎవరి నమ్మకం మీద ఎవరు పెట్టె ఆనించగలరు?

ఇది మంచి కారణమే. కానీ మంచి కారణాల వెనక ఒకటి నక్కి ఉంటుందని శాంతయ్యకు తెలుసు. గుడ్డ సంగతి చెబితే, నీకెట్లా తెలుసు అని అడుగుతారు. అప్పుడు భీవండి చెప్పాలి.

ముంబై పక్కన, మరమగ్గాల భీవండిలో పదకొండేళ్లు. ఊరి నుంచి పోయిన ముప్పై మందిలో ఒకడుగా, గుడ్డకు చివరి మెరుగు పెట్టే గదిలో పని. తొట్టిలో మందు కలిపిన నీళ్లుండేవి. తానులు అందులో మునిగి, వేడి గది గుండా పోయి, నలగని గుడ్డగా బయటికి వచ్చేవి. డబ్బాల మీద పేరుండేది కాదు. గంజి లాంటిదే అనేవాడు మేస్త్రీ. కళ్ల నీళ్లు తుడుచుకుంటుంటే, ఊరు యాదికొచ్చి ఏడుస్తున్నరా అని నవ్వేవాడు. పనివాళ్లు తమ కోసం గుడ్డ కొనుక్కుంటే మూడు రోజులు బకెట్లో నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి ఉతికి గానీ తొడుక్కునేవాళ్లు కాదు. అందరికీ తెలుసు. కొనేవాళ్లు ఎక్కడో దూరాన ఉండేవాళ్లు కనుక ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

అక్కడ చేరిన పదో ఏట అతని వేళ్ల సందుల్లో, ముంజేతుల మీద నీటి పొక్కులు లేచాయి. తోలు ఊడేది. రాత్రి గోకుతూ కూర్చునేవాడు. ఇంకో సంవత్సరం లాగి, ఒక రోజు మూట కట్టుకొని వచ్చేశాడు. అక్కడే ఉండిపోయిన మేనబావ ఇమ్మానుయేల్ అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "చెయ్యి గీరుతుందని ఎవరన్న కూలి ఇడిసిపెడ్తర్రా? ఆడపిల్లవా?" ఊళ్లో మాత్రం, అమ్మకు బాగాలేదు, అందుకొచ్చిన అని చెప్పాడు. అమ్మకు నిజంగానే బాగాలేదు. అందుకని ఆ అబద్ధం చాలా ఏళ్లు హాయిగా నిలబడింది, శిల్ప కోటు లాగా, లోపల మనిషి లేకుండా.

ఆ పోలికకు అతనికి నవ్వొచ్చింది. అయినా ఈ అరుగు, ఈ బొగ్గుల చిటపట, ఈ తృప్తి అబద్ధం కాదు కదా. పారిపోయి వచ్చిన చోట కూడా మనిషి నిజంగానే సుఖంగా ఉండవచ్చు.

కోటును దగ్గరికి లాక్కున్నాడు. తడిగుడ్డ పిండి చేతిలోకి తీసుకున్నాడు.

"ఓ ఇస్త్రీ అయ్యా! ఆపు! ఆ పెట్టె పక్కకు పెట్టు!"

నర్సమ్మ సందులోంచి వస్తోంది. డెబ్బై ఏళ్ల మనిషి, గోచీ పెట్టి కట్టిన చీర, నడకలో చేను గట్టు దాటే ఊపు. వెనకే వనజ, తలవంచుకొని.

"ఇంక పెట్టలే అవ్వా," అన్నాడు శాంతయ్య. "కోటు చల్లగనే ఉంది, ముట్టి చూడు."

"తల్లి ఉన్న ఇంటి బట్ట మీద నిప్పులు పెడ్తవా? ఈడ నువ్వు పెట్టె రుద్దితె ఆడ పిల్ల ఒళ్లు మండదా?"

"అత్తమ్మా, అన్నకేం తెల్వదు. నేనే ఇచ్చిన," అంది వనజ.

"నీ ముచ్చట ఇంటికాడ చెప్త. దొంగ లెక్క కొంగుల పెట్టుకొచ్చుడు ఏందమ్మా? అడిగితె నేనేమన్న పులినా?"

"అడిగితె ఇయ్యనిస్తవా?"

"ఇయ్యనియ్య."

"మరి!"

నర్సమ్మ శాంతయ్య వైపు తిరిగింది. "ఇయ్యి కోటు ఇటు."

శాంతయ్య కోటు ఇవ్వలేదు. అది తన చేతిలో ఉందని అప్పుడే గమనించినట్టు చూశాడు. ఎదురింటి మేడ మీద ఎవరో బట్టలు దులుపుతున్నారు. ఇప్పుడు ఇస్తే ఆదివారం బస్సు ఎక్కుతుంది పిల్ల. అంతే. ఆ తర్వాత ఈ బల్ల మీదికి ఆ కోటు ఎప్పటికీ రాదు, ఆ వాసన కూడా రాదు, అతని మధ్యాహ్నాలు మునుపటిలాగే ఉంటాయి. అంత సుఖంగా ఉండడం తన వల్ల కాదని అతనికి ఆ క్షణంలో తోచింది.

"అవ్వా, ఒక మాట అడుగుత. తిట్టకు."

"తిట్టేటట్టుంటె తిడ్త. అడుగు."

"మొదలు తల్లి పోసినప్పుడు ఎన్నొద్దులుంది?"

"ఐదొద్దులు. శాంతంగ పోయింది."

"ఆ ఐదొద్దులు పిల్ల ఒంటి మీద ఏముండె?"

"ఏముంటది? నా పాత నేతచీర పేలిక. తల్లికి మెత్తది గావాలె, కొత్త బట్ట తగలనియ్యొద్దు."

"పెరుగన్నం పెట్టినంక?"

"తానం పోసి బడికి తోలినం."

"ఈ కోటు ఏసి."

"కోటు ఏయకుంటె రానిస్తరా ఆ బళ్లె?"

"రెండోసారి గూడ గట్లనే గద?"

నర్సమ్మ అరుగు అంచున కూర్చొని మోకాళ్లు పట్టుకుంది. "నువ్వనేది ఏందయ్యా? మా ఇంటికొచ్చింది తల్లి కాదు, కోటు అంటవా?"

తొమ్మిది రోజులుగా అతడు తప్పించుకు తిరిగిన ప్రశ్న అదే. విన్నాక అంత భయంకరంగా లేదు.

"తల్లి ముచ్చట నేనెట్ల చెప్త అవ్వా? నాకు తెల్వదు. గుడ్డ ముచ్చట తెలుసు. నలగకుండ దానికి ఒక మందు పడ్తరు. రంగు గూడ చెమటకు దిగుతది. ఇగో చూడు." తడిగుడ్డ విప్పి నీలం మరక చూపాడు.

నర్సమ్మ దాన్ని వేలితో రుద్ది మూతి విరిచింది. "రంగు పోవుడు కూడ ఒక వింతేనా? నా పెండ్లి చీర మూడు తానాల దాక ఎర్రనీళ్లు ఇడిసింది. మా ఆయన బనీన్లన్ని గులాబి రంగైనయి. ఎవరికి పొక్కులు లేసినయి?"

వనజ నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది.

"మందు పడ్తరని నీకెవరు చెప్పిన్రు? ఫోన్ల చూసినవా?"

"నేనే పట్టిన," అన్నాడు శాంతయ్య. "భీవండిల పదకొండేండ్లు."

మాట బయటపడ్డాక ఆపడం కంటే పూర్తి చేయడమే తేలికనిపించింది. తొట్టి సంగతి, కళ్ల నీళ్ల సంగతి, బకెట్లో నానబెట్టుకునే సంగతి చెప్పాడు. రెండు చేతులూ ముందుకు చాపి వేళ్లు విడదీశాడు. "ఈ సందులల్ల తోలు ఊడొచ్చేది. అమ్మ కోసం వచ్చిన అని అందరికి చెప్పిన అవ్వా. చెయ్యి కోసం వచ్చిన."

ఇద్దరు ఆడవాళ్లూ ఆ చేతుల వైపు చూశారు. బొగ్గు మసి తప్ప వాటి మీద ఏమీ లేదు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఆడపిల్లవా అనలేదు. పన్నెండేళ్లు ఇంత చిన్న మాటను ఇంత బరువుగా ఎందుకు మోశానా అని అతనికి ఆశ్చర్యం వేసింది.

"ఇప్పుడు బాగనే ఉన్నయి గద," అంది నర్సమ్మ, గొంతు తగ్గించి.

"అక్కడి నుంచి వచ్చినంక మానినయి."

ఆమె ఆలోచించింది. పత్తి విత్తనం మంచిదో కాదో తేల్చుకునే మనిషి ఆలోచన అది, తొందరపడలేదు. "సరె, కోటే అనుకుందం. ఆ తరగతిల నలభై మంది పోరగాండ్లు ఉన్నరు. నలభై కోట్లు. అందరికి రావాలె గద. మా పిల్లకే ఎందుకొస్తది?"

"మేం ముప్పై మందిమి పని చేసినం. చేతులు పాడైంది నలుగురివే. వంకాయ అందరికి పడకుంట ఉంటదా? కొందరికే పడదు."

"అత్తమ్మకే పడదు," అంది వనజ మెల్లగా. "తిన్నదంటే మూతి ఉబ్బుతది."

"నా మూతి జోలికి రాకు నువ్వు," అంది నర్సమ్మ. కానీ చెయ్యి అప్రయత్నంగా పెదవి మీదికి పోయింది. కాసేపు అక్కడే ఉంది. "కోటు పక్కకు పెట్టి, నాలుగొద్దులైనంక తొడిగి చూద్దమంటె, పిల్ల ఒళ్లు మల్ల పుండైతది. నా మనుమరాలి మీద పరీక్షలు చెయ్యనియ్య."

"పిల్ల మీద వద్దు. పెద్దోళ్లు ఎవరన్న ఒంటికి ఆనించుకొని చూడాలె."

"నేను కట్టుకుంట," అంది వనజ వెంటనే.

"నువ్వు కట్టుకొని, నీకు పొక్కులు లేస్తె? తల్లి అమ్మ నుంచి బిడ్డకు, బిడ్డ నుంచి అమ్మకు పోస్తది. ఇంట్ల ఎవరికి లేసినా అది తల్లే అంటరు. నేనే అంట. ఎట్ల తెలుస్తది?"

ఆ మాట నిజం. శాంతయ్య కోటు వైపు చూశాడు. "నేనైతే?"

నర్సమ్మకు నవ్వొచ్చింది. పళ్లు లేని చోట తమలపాకు ఎరుపు కనబడింది. "నీకెందుకొస్తదయ్యా? ఐతారం ఐతారం తెల్లంగి ఏసుకొని చర్చికి పోయేటోనివి. మా తల్లికి వేరే ఇండ్లు లేవా? నీ మొగం గూడ చూడది."

"చూడదు గద?"

"చూడది."

"ఖాయమేనా?"

"ఎన్నిసార్లు చెప్పాలె…" అంటూ నర్సమ్మ ఆగిపోయింది. తన నోటి నుంచి వచ్చిన మాట ఎంత దూరం పోయిందో ఆమెకు అర్థమవుతోంది. మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. అతని వైపు కళ్లు చికిలించి చూసింది. "ఐతారం పొద్దుగాల ఏడింటికి బస్సు."

"ఈ రెండొద్దులు కోటు చుట్టుకొనే ఉంట. ఆరింటికి వచ్చి నా చెయ్యి చూడు. ఏం లేకుంటె పిల్లను తీస్కపో. నేను నోరు తెరువ."

"ఉంటె?"

"ఉంటె దవాఖానల ఆ ట్యూబు ఇచ్చిన డాక్టరుకు చూపెడ్దం, పిల్లను, నా చెయ్యిని, కోటును. పిల్ల తెల్లంగితోని బడికి పోతది."

"హెడ్‌మేడంతోని నేను మాట్లాడ్త," అంది వనజ. "మిగతా తల్లులను గూడ అడుగుత. ఇంకెవరి పిల్లలకన్న గిట్ల అయితుందేమో."

నర్సమ్మ లేచి చీర దులుపుకుంది. "పెరుగన్నం మాత్రం నేను పెడ్త. కోటైనా, తల్లైనా. సల్లదనం ఎవరికి చేదు?"

"పెట్టు అవ్వా. నాకింత పంపు."

"ఆశ చూడు!" అంది నర్సమ్మ. రెండడుగులు వేసి, ఇంకా నిలబడి ఉన్న కోడలిని కేకేసింది. "రా, ఆడ పిల్ల ఒక్కతే ఉంది."

వాళ్లు సందు మలుపు తిరిగేదాకా చూశాడు. పెట్టెలో బొగ్గులు బూడిద కట్టాయి. ఊదాడు. ఎరుపు తిరిగి వచ్చింది. ఇంకా పదిహేను చొక్కాలున్నాయి.

ఇప్పుడు భయం నిజంగా వచ్చింది, ఏ మంచి కారణమూ అడ్డం పెట్టుకోకుండా. వేళ్లకు ఆ రాత్రులు గుర్తున్నాయి. చర్మం మరిచిపోదు, ఒకసారి శత్రువును చూస్తే రెండోసారి తొందరగా గుర్తుపడుతుంది. పొక్కులు ముంజేతి దగ్గర ఆగుతాయా, వేళ్ల దాకా పాకుతాయా? పాకితే పెట్టె పట్టుకోవడం ఎన్ని రోజులు కుదరదు? కుడి చెయ్యి వద్దు. ఎడమ చెయ్యి గుడ్డను సాపు చేస్తుంది, అంతే కదా. మోకాలి కింద కట్టుకోవచ్చేమో. కానీ అక్కడ చెమట పట్టదు, బొగ్గుల వేడి తగిలేది చేతికే. నర్సమ్మ ఆరింటికి వచ్చి కళ్లు చికిలించి చూస్తుంది. సగం పరీక్షను ఆ ముసలామె ఒప్పుకోదు.

ఇంకొకటి కూడా గమనించాడు. ఇంత భయం లోపల, పొద్దుటి నుంచీ లేని తేలిక ఒకటి ఉంది. అది ఎక్కడిదో వెతకాలనిపించలేదు. మనసును ఎప్పుడూ విప్పి చూస్తూ కూర్చునే మనిషికి ఒక్కోసారి విప్పకుండా వదిలేయడమే సుఖం. రేకు మీద నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి. పాలిటెక్నిక్ పిల్లలు సైకిళ్ల మీద కేకలు పెట్టుకుంటూ పోతున్నారు.

శాంతయ్య ఎడమ చేతి గుండీ విప్పి, చొక్కాను మోచేయి దాకా మడిచాడు. ఇస్త్రీ నీళ్లు కొద్దిగా ముంజేతి మీద చిలకరించుకున్నాడు. కోటును తిరగేసి, నీలం అస్తరు చర్మానికి ఆనేలా రెండు చుట్లు చుట్టి, బట్టల మూట కట్టే తాడు కొసను పళ్లతో పట్టుకొని గట్టిగా ముడి వేశాడు.